నేను ఉదయం తినను, ఇప్పుడు మా అమ్మాయి కూడా తిననంటోంది

ప్రశ్న

మా అమ్మాయికి ఏడేళ్లు. రెండు నెలలుగా ఉదయం ఏమీ తినకుండానే బడికి వెళ్తానని మొండికేస్తోంది. అర గ్లాసు పాలు తాగి పళ్లెం పక్కకు నెట్టేస్తుంది. ఒంట్లో ఏదైనా నలతగా ఉందేమోనని పిల్లల వైద్యుడికి చూపించాం. బరువూ ఎత్తూ వయసుకు తగ్గట్టే ఉన్నాయనీ, కంగారు పడవలసింది ఏమీ లేదనీ ఆయన చెప్పారు. మొన్న మా ఆవిడ కాస్త గట్టిగా అడిగేసరికి పాప నా వైపు వేలు చూపించి, "నాన్న తినడు కదా, నాన్నకేమైంది?" అని అడిగింది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

పాప అన్నది నిజమే. చదువుకునే రోజుల నుంచీ నాకు ఉదయం తినే అలవాటు లేదు. వంటగది గట్టుకు ఆనుకుని నిలబడి, ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని కాఫీ తాగేస్తే మళ్లీ పన్నెండున్నర దాకా నాకు ఆకలి అన్నదే తెలియదు. మా ఆవిడ మమ్మల్నిద్దరినీ పంపించాక తొమ్మిదింటికి తీరిగ్గా తింటుంది. అంటే ఏడున్నరకు పాప బల్ల దగ్గర కూర్చునే సమయంలో మా ఇంట్లో తింటున్న పెద్దమనిషి ఒక్కరూ ఉండరన్నమాట. ఈ సంగతి ఇది రాస్తుంటేనే నాకు తట్టింది.

నేను తినకపోవడమే పాప తినకపోవడానికి కారణమా? అదే అయితే, ఆకలి లేకపోయినా ఆమె కోసం నేను తినాలా? తింటున్నట్టు నటిస్తే పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు కదా!

మొదటి సమాధానం (పోషకాహార సలహాదారు)

మీరొక్కరే కారణమని ఎవరూ చెప్పలేరు గానీ, మీ అనుమానం సరైన దారిలోనే ఉంది. పిల్లల అల్పాహారానికీ కుటుంబానికీ ఉన్న సంబంధం గురించి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2009లో కొందరు పరిశోధకులు ఒకచోట చేర్చి పరిశీలించారు. కౌమారంలో ఉన్న పిల్లల విషయంలో పదేపదే తేలిన అంశాల్లో ఒకటి, తల్లిదండ్రులు స్వయంగా ఉదయం తినడం. ఇలాంటి అధ్యయనాలు పెద్దలు తినడమూ పిల్లలు తినడమూ కలిసి కనిపిస్తున్నాయని చెప్పగలవే గానీ, ఒకటి ఇంకోదానికి కారణమని రుజువు చేయలేవు. తినే ఇళ్లలో వంటకు తీరిక, నిద్ర వేళలు, ఇంట్లో సరుకులు కూడా వేరుగా ఉండవచ్చు.

కారణం ఎలా పనిచేస్తుందో కొంత తెలిపేవి చిన్న పిల్లలతో చేసిన ప్రయోగాలు. పెద్దవాళ్లు ఒక కొత్త పదార్థాన్ని కేవలం చేతికి అందిస్తే పిల్లలు నోట్లో పెట్టుకున్న దానికన్నా, వాళ్లూ తింటూ అందించినప్పుడు త్వరగా పెట్టుకున్నారని 1975లోనే గమనించారు. 2005లో ఎల్సా అడెస్సీ, లియాన్ బర్చ్ తదితరులు రెండు నుంచి ఐదేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం మీకు ఇంకా బాగా పనికొస్తుంది. అందులో పిల్లల ముందు రంగు కలిపిన కొత్త పదార్థం పెట్టారు. పక్కనున్న పెద్దమనిషి ఒకసారి ఊరికే కూర్చున్నారు, ఒకసారి వేరే రంగు పదార్థం తిన్నారు, మరోసారి పిల్లల పళ్లెంలో ఉన్న రంగుదే తిన్నారు. ఈ చివరి సందర్భంలోనే పిల్లలు ఎక్కువగా తిన్నారు. ఆ పిల్లలు మీ అమ్మాయికన్నా చిన్నవాళ్లు, అక్కడ చూసింది కొత్త పదార్థం సంగతి. అయినా పక్కన ఉండటం వేరు, అదే తినడం వేరు అన్నది మీ ఇంటికీ వర్తిస్తుందని నా అభిప్రాయం. గట్టు దగ్గర కాఫీ తాగే నాన్న పాప లెక్కలో భోజనం చేస్తున్న మనిషి కాడు, బయలుదేరడానికి సిద్ధమవుతున్న మనిషి.

అలాగని మీరు కడుపు నిండా తినక్కర్లేదు. పాప పళ్లెంలో ఉన్నదే నాలుగు ముద్దలు మీరూ పెట్టుకుని, ఫోను వేరే గదిలో ఉంచి, పది నిమిషాలు ఆమె ఎదురుగా కూర్చోండి. మీరెంత తిన్నారో పిల్లలు తూకం వేయరు, కూర్చున్నారా లేదా అన్నది మాత్రం తప్పకుండా చూస్తారు. నటించవద్దు. "నాకు ఉదయం పెద్దగా ఆకలి ఉండదు, అందుకే కొంచెమే పెట్టుకున్నాను" అని ఉన్నమాట చెప్పేయండి. ఆకలిని బట్టి తినడం కూడా ఆమె మీ దగ్గర నేర్చుకోవలసిన విషయమే.

ఇక బతిమాలడం, బెదిరించడం ఈ రోజే ఆపేయండి. 2006లో ఇంకా బడిలో చేరని వయసు పిల్లలు సూప్ తాగుతున్నప్పుడు పక్కనుండి "పూర్తి చెయ్యి" అని చెబుతూ పరిశీలించారు. అలా ఒత్తిడి చేయనప్పుడే వాళ్లు ఎక్కువ తిన్నారు, ఆ పదార్థం గురించి చెడుగా మాట్లాడటమూ బాగా తగ్గింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల చేతిలోనూ, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల చేతిలోనూ ఉండాలని ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చేసిన విభజన నాకు ఇప్పటికీ చాలా ఇళ్లలో పనికొస్తోంది. ఇందులో రెండో సగం దగ్గరే తల్లిదండ్రులకు చెయ్యి ఆగదు.

రెండో సమాధానం (ఇద్దరు అబ్బాయిల తల్లి)

పై సమాధానంతో నాకు పెద్ద పేచీ లేదు గానీ, అది చదివిన తండ్రులూ తల్లులూ తప్పంతా తమదేనని కుమిలిపోతారేమోనని ఈ మాట రాస్తున్నాను. మేమిద్దరం ప్రతి ఉదయం కూర్చునే తింటాం. అదే బల్ల, అదే తిండి. పెద్దవాడు ఇంకా కావాలని అడుగుతాడు, చిన్నవాడు మాత్రం పళ్లెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంటాడు. చూసి నేర్చుకోవడమే అంతా అయితే ఇద్దరూ ఒకేలా ఉండాలి కదా. కొత్త తిండికి జంకే గుణంలో పుట్టుకతో వచ్చేది చాలా ఎక్కువని, 2007లో వేల జతల కవల పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. ఉదయం తినకపోవడమూ అదే గుణమని నేననడం లేదు, పిల్లల్లో కూడా ఏదో ఒకటి ఉంటుందని మాత్రమే చెబుతున్నాను.

మా ఇంట్లో చిక్కుముడి ఉదయంలో లేదు, ముందటి రాత్రిలో ఉంది. మావారు ఇంటికి వచ్చేదే ఆలస్యం, అందరం కలిసి తినాలన్న పట్టుదలతో తొమ్మిదిన్నరకు గానీ భోజనానికి కూర్చునేవాళ్లం కాము. పదిన్నరకు నిద్రపోయి ఆరున్నరకు లేచిన పిల్లవాడికి ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది? తిండి, నిద్ర వేళల ప్రభావాన్ని వేరుచేసి 2013లో పన్నెండుమంది పెద్దవాళ్ల మీద జరిపిన పరిశోధనలో, శరీరంలోని గడియారం వల్ల ఆకలి ఉదయం ఎనిమిది ప్రాంతంలో బాగా తగ్గి, రాత్రి ఎనిమిది ప్రాంతంలో బాగా పెరుగుతుందని చూశారు. కాబట్టి ఉదయం ఆకలి లేదన్న మాట ఎప్పుడూ సాకు కాకపోవచ్చు. మేము పిల్లల భోజనం ఏడున్నరకు జరిపి, మావారు వచ్చాక ఆయనతో నేను తినడం మొదలుపెట్టాను. మూడు వారాలకు చిన్నవాడు గీతలు గీయడం ఆపి తినడం మొదలుపెట్టాడు, రోజూ కాకపోయినా. పిల్లల అల్పాహారం మీద తల్లిదండ్రుల అలవాట్ల ప్రభావం అంటే మన రాత్రి భోజన వేళ కూడా అందులోకి వస్తుందని నా ఉద్దేశం. మీ పాప రాత్రి ఎన్నింటికి తింటుందో మీరు రాయలేదు.

మూడో సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయురాలు)

మీ అమ్మాయి వేసిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. దానికి జవాబు లేకపోలేదు. నాలుగేళ్ల నుంచి తొమ్మిది, పదేళ్ల దాకా పిల్లల మెదడు వాడుకునే గ్లూకోజు పెద్దవాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉంటుందని 1987లో మెదడు చిత్రాల ద్వారా కనుగొన్నారు. పైగా ఒళ్లు చిన్నది కాబట్టి దాచుకునే నిల్వా తక్కువ, రాత్రి నిద్ర ఎక్కువ కాబట్టి తిండికీ తిండికీ మధ్య ఎడమూ ఎక్కువ. "నాన్న ఎదగడం ఎప్పుడో అయిపోయింది, నువ్వింకా ఎదుగుతున్నావు, అందుకే నీ లెక్క వేరు" అని చెబితే ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. నా తరగతిలో ఒక పాప రోజూ పది దాటగానే బల్ల మీద చెంప ఆనించి, పెన్సిలు దొర్లిస్తూ ఉండేది. బద్ధకమని నేను ఒకటి రెండుసార్లు కోప్పడ్డాను కూడా. తినకుండా వస్తోందని తెలిశాక విరామాన్ని పావుగంట ముందుకు జరిపాం, పెన్సిలు దొర్లడం తగ్గింది.

ఇంకొక్క మాట. ఉదయం తినకపోవడాన్ని బరువు తగ్గడంతో ముడిపెట్టి పిల్లల ముందు మాట్లాడకండి. తినకపోవడం ఒక ఘనత అన్న అభిప్రాయం ఆడపిల్లల్లో ఎంత తొందరగా పాతుకుపోతుందో చాలా ఏళ్లు చూశాను.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అందరికీ ధన్యవాదాలు. రెండో సమాధానం రాసినవారికి ముందుగా చెబుతున్నాను, పాప తొమ్మిదింటికి తినేది, ఇప్పుడు ఎనిమిది లోపే పెడుతున్నాం. ఉదయం నేను ఒక అరటిపండు రెండు ముక్కలు చేసి ఒకటి పాప పళ్లెంలో, ఒకటి నా పళ్లెంలో పెట్టుకుని కూర్చుంటున్నాను. మొదటి రెండు రోజులూ ఆమె తన పండు ముట్టుకోకుండా నేను నిజంగా మింగుతున్నానా లేదా అని నా గొంతు వైపే చూసింది. మూడో రోజు, "నీకు ఆకలి లేదన్నావు కదా, ఎందుకు తింటున్నావు?" అని నిలదీసింది. నీతో కూర్చోవాలనిపించింది అన్నాను. ఆ జవాబు ఆమెకు సరిపోయినట్టు లేదు గానీ, పండు మాత్రం తినేసింది. ఇప్పుడు వారంలో నాలుగు రోజులు పండుతో పాటు గుడ్డో రొట్టో కూడా తింటోంది. మిగిలిన రోజులు పాలతోనే సరి. విచిత్రమేమిటంటే నాకూ పదింటికి కొద్దిగా ఆకలి తెలుస్తోంది.

ఒక సందేహం మిగిలింది. నెలలో వారం రోజులు పని మీద ఊళ్లు తిరుగుతాను. అప్పుడేం చేయాలి?

మొదటి సమాధానం రాసినవారు

మీ ఆవిడ తొమ్మిదింటికి తినే దానిలో రెండు ముద్దలు ఏడున్నరకు జరిపితే సరిపోతుంది, మిగతాది ఆవిడ మామూలుగానే తీరిగ్గా తినవచ్చు. మీరు ఊళ్లో ఉన్న రోజుల్లో కూడా వారానికి ఒకటి రెండుసార్లు మీ బదులు ఆవిడే కూర్చుంటే, ఉదయం తినడం నాన్నతో ఆడే ఆట అని పాప అనుకోకుండా ఉంటుంది.