బీచ్ రోడ్డు పరుగు: చార్టుతో కాకుండా నా మెరుగుదలను నాతోనే కొలుచుకోవడం ఎలా?

ప్రశ్న (వుడాపార్క్‌వైపు)

అందరికీ నమస్కారమండీ. వయసు 44, బీపీ, షుగర్ లేవు. వారానికి నాలుగు రోజులు విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి వుడా పార్కు వైపు 2.5 కి.మీ. వెళ్ళి వెనక్కి, మొత్తం 5 కి.మీ. పరిగెడతాను. డిసెంబరులో 36 నిమిషాలు పట్టేది. ఇప్పుడు మే నెలలో 38. మధ్యలో ఒక్క వారం కూడా మానలేదు.

నెట్‌లో దొరికిన చార్టేమో ఈ వయసుకి 30 నిమిషాల్లోపు ఉండాలంటోంది. వాట్సాప్ గ్రూపులో రోజూ 27, 28 పెడుతున్నారు. ఆ అంకెల సంగతి వదిలేద్దామనుకుంటున్నాను. మరి వాటి బదులు ఏం రాసుకోవాలి? ఎన్నాళ్ళకోసారి కొలవాలి? అసలు నేను ముందుకెళ్తున్నానా, వెనక్కా?

జవాబు (తెల్లారిపరుగు)

మీరు చెప్పిన రెండు అంకెలతో ఆ సంగతి తేలదండీ. డిసెంబరు పరుగు, మే పరుగు ఒకటే పరీక్ష కావు. మన విశాఖలో మే తెల్లారుజామున కూడా గాలిలో తేమ విపరీతంగా ఉంటుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అప్పుడు గుండె కాళ్ళకే కాకుండా చర్మానికి కూడా ఎక్కువ రక్తం పంపాలి. అందుకే అదే వేగానికి నాడి ఎక్కువ కొట్టుకుంటుంది. 2 నిమిషాలు ఎక్కువ పట్టిందంటే మీరు తగ్గారని కాదు. డిసెంబరుని వచ్చే డిసెంబరుతో పోల్చండి.

అంతవరకూ ఆగలేరు కాబట్టి కొలతను తిరగేయండి. వేగాన్ని కాదు, నాడిని స్థిరంగా పెట్టండి.

ముందు మీ నాడి ఎంతో తేల్చుకోవాలి. గరిష్ఠ నాడి కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క అందరి సగటు మాత్రమే, ఒక్కో మనిషికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. దాని బదులు, ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగిన వేగంలో 10 నిమిషాలు పరిగెత్తి చూడండి. అప్పుడు వాచీలో కనిపించే నాడి, నిమిషానికి 138 అనుకోండి, అదే మీది. ఇక దాన్ని మార్చకండి.

పరీక్ష రోజు 15 నిమిషాలు మెల్లగా పరిగెత్తి ఒళ్ళు వేడెక్కించాక, చదునైన చోట 1.5 కి.మీ. వెళ్ళి అదే దారిన వెనక్కి రండి. నాడి 138 దాటబోతే వేగం తగ్గించండి, అవసరమైతే నడవండి. నడవడం ఓటమి కాదు, అదీ కొలతలో భాగమే. ప్రతి కిలోమీటరు సమయం విడివిడిగా రాసుకోండి. వెళ్ళి తిరిగి రావడం ఎందుకంటే, ఈ కాలంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. వుడా పార్కు వైపు వెళ్ళేటప్పుడు వీపున తోస్తుంది, వచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. ఒకవైపే కొలిస్తే మీరు గాలిని కొలిచినట్టే. వుడా పార్కు దాటి తెన్నేటి పార్కు వైపు పోవద్దు, అక్కడ ఎత్తు ఉంది.

కిలోమీటర్లు ఎందుకు విడివిడిగా అంటే, ఇదిగో ఇలా ఉంటుంది: 7:40, 7:55, 8:20. అంటే చివరికి 40 సెకన్లు జారింది. రెండు నెలల తర్వాత 7:40, 7:50, 7:58 వచ్చిందనుకోండి, జారుడు 18 సెకన్లే. మొత్తం సమయం చూస్తే 23:55 నుంచి 23:28, ఏదో కాస్త తగ్గింది అనిపిస్తుంది. అసలు మార్పు ఆ జారుడులో ఉంది. కొందరిలో మొదట మెరుగయ్యేది అదే. మొత్తం అంకె మాత్రమే చూసేవాళ్ళు దాన్ని గమనించక నిరాశపడి మానేస్తారు.

జవాబు (లెక్కలపుస్తకం)

పైన చెప్పిందంతా సరైనదే, ఒక్కటి చేర్చాలి. 23:55 నుంచి 23:28 అంటే 27 సెకన్లు. అది నిజమైన మార్పో కాదో మీ సహజమైన ఊగిసలాట తెలియకుండా చెప్పలేం.

మొదలుపెట్టే ముందు రెండు వారాల్లో ఇదే పరీక్ష మూడుసార్లు చేయండి, సాధనలో ఏ మార్పూ లేకుండా. 23:55, 24:20, 23:40 వచ్చాయనుకోండి. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 40 సెకన్లు. నిద్ర, తిండి, తేమ వల్ల అంత మాత్రం ఎలాగూ ఊగుతుంది. కాబట్టి 40 సెకన్ల లోపు మార్పుకి సంబరమూ వద్దు, దిగులూ వద్దు. ఒకే దిక్కున మూడు పరీక్షలు వరుసగా కదిలితే అప్పుడు నమ్మండి. జారుడు లెక్కకి కూడా ఇదే పద్ధతి. నాలుగు వారాలకోసారి చాలు. రోజూ కొలిస్తే కనిపించేది ఊగిసలాటే.

వాచీ విషయంలో జాగ్రత్త. మణికట్టు వాచీలు కొన్నిసార్లు నాడికి బదులు అడుగుల లయను పట్టుకుంటాయి. మెల్లగా పరిగెడుతున్నా 165 దగ్గర కదలకుండా నిలబడిపోయిందంటే అనుమానించండి, నిమిషానికి అడుగులు లెక్కపెట్టి చూడండి. పట్టీని మణికట్టు ఎముకకి రెండు వేళ్ళు పైకి, కదలకుండా బిగిస్తే కొంత నయం. ఛాతీ బెల్టు ఉంటే దాని లోపలి పట్టీలు నీళ్ళతో తడిపి కట్టుకోవాలి, పొడిగా కడితే మొదటి కొన్ని నిమిషాలు తప్పు అంకెలు రావచ్చు.

వుడాపార్క్‌వైపు

చాలా థాంక్స్ అండీ. ఛాతీ బెల్టు లేదు, వాచీ మీద ఇప్పుడు నమ్మకం పోయింది. చేత్తో కొలవొచ్చా?

తెల్లారిపరుగు

కొలవొచ్చు. బొటనవేలు మాత్రం వాడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది. చూపుడు, మధ్య వేళ్ళు మణికట్టు మీద పెట్టండి. ప్రతి కిలోమీటరు చివర ఆగీ ఆగగానే 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 34 లేదా 35 వస్తే సరిగ్గా ఉన్నట్టు. ఆలస్యం చేస్తే నాడి దిగిపోతుంది, తక్కువ చూపిస్తుంది.

పరుగు అయిపోయాక సరిగ్గా ఒక నిమిషం నిలబడి మళ్ళీ లెక్కపెట్టండి. 138 నుంచి 112కి దిగితే 26 అని రాసుకోండి. ఆ అంకె నెలనెలా పెరుగుతుంటే మంచి గుర్తు. పొద్దున్న మంచం దిగకముందు నిమిషం పాటు లెక్కపెట్టి వారం సగటు తీయండి. ఏ రోజైనా దానికంటే 5, 6 ఎక్కువుంటే ఆ రోజు పరీక్ష వాయిదా వేయండి.

ఈ చర్చ చదివేవాళ్ళలో అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళుంటే నాడి లెక్క మీకు పనికిరాదు, ఆ మాత్రలే నాడిని తగ్గిస్తాయి. మీరు మాటల పరీక్షనే కొలతగా పెట్టుకోండి.

జవాబు (గ్రౌండ్‌లో400)

నా మాట కొంచెం వేరు. మన ఏపీ కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారయ్యే పిల్లలకి ఇది పూర్తిగా వర్తించదు. మగపిల్లలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 8 నిమిషాలే, అక్కడ 'నా మెరుగుదల' అంటే ఎవరూ వినరు. అయితే ఆ 8 నిమిషాల గీతని ప్రతి పరుగులోనూ తరిమితే తప్పు జరిగేది ఎక్కడో తెలుసా? మొదటి రౌండు 1:40లో లాగేస్తారు, మూడో రౌండు 2:15కి పడిపోతుంది. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకి 2 నిమిషాలు, అంతే కావలసింది. కాబట్టి గీత పుస్తకం చివరి పేజీలో ఉండాలి, వారం వారం రాసేది 'ఎన్ని రౌండ్లు 2 నిమిషాల్లో నిలిచాయి' అని. మొదటి నెల రెండు, తర్వాత మూడు. అప్పుడు పిల్లాడికి తను ఎక్కడున్నాడో తెలుస్తుంది.

మీకు ఉద్యోగ పరీక్ష లేదు కదండీ. మీకు చివరి పేజీ అక్కర్లేదు.

వుడాపార్క్‌వైపు

మొదటి మూడు పరీక్షలకి రోజులు పెట్టుకున్నాను. ఎన్నింటికి మొదలుపెట్టమంటారు? ఒక రోజు 5కి, ఇంకో రోజు 6కి అయితే ఫర్వాలేదా?

లెక్కలపుస్తకం

ఫర్వా ఉంది. ఇప్పుడు 5.20 ప్రాంతంలోనే సూర్యుడు వచ్చేస్తున్నాడు, 6 అయ్యేసరికి ఎండ నేరుగా సముద్రం మీంచి ముఖాన పడుతుంది. మూడూ 5కే పెట్టుకోండి. వేడెక్కించే 15 నిమిషాలూ దానికి ముందే అయిపోవాలి.