వందేళ్ల తర్వాతి వారి కోసం కట్టడం, రాయడం మన జిల్లాలకు అవసరమా?

చర్చ మొదలుపెట్టినవారు (నల్లగొండ):
నార్వేలో ఓస్లో నగరం పక్క అడవిలో 2014లో వెయ్యి మొక్కలు నాటారు. ఏటా ఒక రచయిత ఇచ్చే రాతప్రతిని ఎవరూ చదవకుండా దాచి, 2114లో ఆ చెట్ల కాగితం మీదే అచ్చు వేస్తారట. అమెరికాలో టెక్సస్ కొండ లోపల పదివేల ఏళ్లు నడవాల్సిన గడియారం కడుతున్నారు. ఇటువంటి కళ, కథలు, భారీ నిర్మాణాలు మనిషికి ముందుచూపు నేర్పుతాయంటారు. మీ అభిప్రాయం చెప్పండి.

విశ్రాంత ఇంజనీరు (దేవరకొండ):
అవసరం లేదనే నా అభిప్రాయం. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన మనుషుల మధ్య ఉద్యోగం చేసినవాణ్ని. వాళ్లకు మంచినీళ్లు ఆ ఏడే కావాలి. భారీ నిర్మాణాల సంగతీ చూశాం. మన జిల్లాకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న దాదాపు 44 కిలోమీటర్ల శ్రీశైలం ఎడమగట్టు సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లను తలచుకుంటే ముందుచూపు అనడానికి నాకు నోరు రాదు.

తెలుగు ఉపాధ్యాయురాలు (పానగల్లు):
సార్, ఆ ఎనిమిది మంది విషయంలో మీకు చెప్పగల సమాధానం నా దగ్గర లేదు. నీళ్ల విషయంలో మాత్రం ఒప్పుకోలేను. గ్రానైటు రాతిలోంచి భూగర్భజలంలోకి దిగే ఫ్లోరైడ్‌కు విరుగుడు చెరువు నీళ్లు, నది నీళ్లే కదా. ఈరోజు కృష్ణా నీళ్లను తెచ్చి నింపుతున్న మా ఉదయసముద్రం కందూరు చోడుల ఏలుబడిలో, దాదాపు 900 ఏళ్ల కింద కట్టిన చెరువు. కట్టినవారికి నల్లగొండ పట్టణం తెలియదు, అయినా ఆ పట్టణం దాని నీళ్లు తాగుతున్నది.

అయితే మట్టికట్ట ఒకసారి కడితే నిలిచేది కాదు, ప్రతి తరమూ దాన్ని కనిపెట్టుకొని ఉండాలి. మా అమ్మమ్మ ఊరిలో కట్టమైసమ్మకు బోనం ఎత్తుకొని వెళ్లే ఆడవాళ్లు దారిలో ఎలుక బొరియ కనబడితే అక్కడే ఆగి, చెరువు నీళ్లను చూసుకునే నీరటిని పిలిచేవారు. అతడు తట్టెడు మట్టి తెచ్చి, బొరియ పూడ్చి, కాలితో గట్టిగా అదిమిన తర్వాతే బోనం కదిలేది. తల్లి రాత్రంతా కట్ట మీద కాపలా తిరుగుతుందని, బొరియ వదిలేస్తే ఆమె కాలు అందులో దిగబడుతుందని మాకు కథ చెప్పేవారు. ఏ సాగునీటి శాఖ ఉత్తర్వూ నన్ను అంత శ్రద్ధగా నేల చూస్తూ నడిపించలేదు. తూము, మత్తడి (అలుగు) కట్టడం ఇంజనీరు పని. చెరువు కట్టేనాటికి పుట్టని మనిషి చేత మట్టి తట్ట ఎత్తించింది ఆ కథ.

విశ్రాంత ఇంజనీరు:
మైసమ్మ మాట కాదనను టీచర్ గారూ. గుడి ఉన్న చెరువుల శిఖం భూములు (నీళ్లు నిలిచే నేల) కూడా ప్లాట్లయ్యాయి కదా, కథ ఎందుకు ఆపలేకపోయింది?

తెలుగు ఉపాధ్యాయురాలు:
నేను చూసిన రెండు చెరువుల్లో బోనం కట్ట వదిలి రోడ్డు పక్క కొత్త గుడికి మారిన తర్వాతే ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. మీ వైపు ఏది ముందు జరిగిందో కనుక్కొని ఇక్కడ రాయగలరా సార్?