64 మిలియన్లు ఇస్తామన్నారా, ఇస్తామన్నామని చెప్పుకున్నారా? (స్వేమన్ గొడవ)

బాల్కనీ_రావు · 1 అక్టోబర్ 2024

నిన్నటి బోస్టన్ బ్రూయిన్స్ (మన ఐస్ హాకీ టీమ్) ప్రెస్ మీట్ చూడనివాళ్ల కోసం ముందు సంగతి. సీజన్‌కి వారం ఉంది, మన గోలీ (గోల్‌కీపర్) జెరెమీ స్వేమన్ ఇంకా కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టలేదు, క్యాంప్ మొహం చూడలేదు. దాని మీద అడిగితే ప్రెసిడెంట్ క్యామ్ నీలీ, నేనైతే ఈపాటికి ఆడుతూ ఉండేవాణ్ణి, అందుకు 64 మిలియన్ కారణాలున్నాయి అని చురక అంటించాడు, అంటే 64 మిలియన్ డాలర్లు ఇస్తామన్నామని. ఆ తర్వాత ఏజెంట్ లూయిస్ గ్రాస్ ఊరుకోకుండా ప్రకటన ఇచ్చాడు. ఆ అంకె వినడం ఇదే మొదటిసారట, ప్రెస్ మీట్‌కి ముందు ఎవరూ అంత ఇస్తామనలేదట.

నా మాట సూటిగా చెప్తాను. 8 ఏళ్లకి 64 అనుకుంటే ఏడాదికి 8 మిలియన్లు. ఈ కుర్రాడికి పాతికేళ్లు, ఒక్క సీజన్‌లో కూడా 50 మ్యాచ్‌లు ఆడిన పాపాన పోలేదు, మొన్నటిదాకా ఇంకో గోలీ లీనస్ ఉల్మార్క్‌తో సగం సగం పంచుకున్నాడు. టీమ్‌లో పాస్ట్రనాక్‌కి 11.25, మెకవాయ్‌కి 9.5 పోతాయి, మొత్తం శాలరీ క్యాప్ (టీమ్ జీతాలన్నిటికీ కలిపి పరిమితి) 88 మిలియన్లే కదా. అందరికీ కలిపి వండిన కుండ అది. ఒకడు గరిటె తిప్పి తిప్పి తీసుకుంటే చివర కూర్చున్నవాడికి మాడు మిగులుతుంది.

ఉప్మా_గోల్ · 1 అక్టోబర్

64 మిలియన్లకి మా వీధి మొత్తం కీపింగ్ చేస్తాం సార్, ప్యాడ్లు కూడా మావే.

గోలీపిచ్చి · 1 అక్టోబర్

రావు గారూ, మొదటి లైన్లోనే మీ వాదన కూలిపోయింది. "ఇస్తామన్నారు" అని ఎక్కడుంది? ఏజెంట్ ఏమన్నాడో మీరే రాశారు. ఆఫర్ అంటే ఎదుటివాడి చేతికి వచ్చింది. మైకులో చెప్పింది ఆఫర్ కాదు, పుకారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు 64 మిలియన్లు.

నాకు ఇది ఎందుకు మండుతుందో చెప్తాను. మూడేళ్ల క్రితం మా మేనేజర్ క్యాంటీన్‌లో భుజం మీద చెయ్యేసి "ఈసారి నీకు ఇరవై శాతం, నాది పూచీ" అన్నాడు. నేను ఆ సంతోషంలో ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పాను. లెటర్ వచ్చింది, తీసి చూస్తే ఆరు. అడిగితే "నేను ఇరవై అనుకున్నాను, పైవాళ్లు ఒప్పుకోలేదు" అన్నాడు. అక్కడితో ఆగినా సరే, తర్వాత టీమ్ మీటింగ్‌లో అందరి ముందు "మనవాడికి మంచి హైక్ ఇచ్చాం" అన్నాడు! నిన్న నీలీ చేసింది అచ్చం అదే. ఇచ్చారో లేదో తర్వాత, ముందు ఊరందరికీ ఇచ్చామని డప్పు.

వెస్ట్‌బరో_వాసు · 1 అక్టోబర్

ఇద్దరూ నిజమే చెప్తుండొచ్చు కదా? "64 అయితే సంతకం పెడతావా" అని నోటిమాటగా అడగడం వేరు, ఆఫర్ పంపడం వేరు. క్లబ్ దాన్ని ఆఫర్ అనుకుంటుంది, ఏజెంట్ దాన్ని కబుర్లు అనుకుంటాడు.

గోలీపిచ్చి · 1 అక్టోబర్

వాసన్నా, అలా అడిగినా ఆ అంకె చర్చలో వచ్చినట్టే కదా. చర్చలో ఆ అంకే రాలేదు అంటున్నాడు ఏజెంట్. మడత పేచీలు వద్దు.

బాల్కనీ_రావు · 1 అక్టోబర్

ఏజెంట్ మాట వేదమా? అతని కమీషన్ ఎక్కణ్ణించి వస్తుంది? నీలీ హాల్ ఆఫ్ ఫేమర్, బ్రూయిన్స్ కోసం మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఆయన కెమెరాల ముందు కూర్చుని లేని అంకె ఎందుకు చెప్తాడు?

కొత్తఫ్యాన్_స్వాతి · 1 అక్టోబర్

తెలియక అడుగుతున్నా, నవ్వకండి. ఇక్కడ నచ్చకపోతే ఇంకో టీమ్‌కి వెళ్లిపోవచ్చుగా? ఐపీఎల్ వేలం లాంటిది లేదా?

గోలీపిచ్చి · 1 అక్టోబర్

స్వాతి గారూ, అసలు కిటుకు అక్కడే ఉంది. అతను రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్. కాంట్రాక్ట్ అయిపోయినా హక్కులు క్లబ్ దగ్గరే. వేరే టీమ్ ఆఫర్ షీట్ (తన కాంట్రాక్ట్ ఆఫర్) పంపొచ్చు, కానీ అది బ్రూయిన్స్ అంతే డబ్బు ఇచ్చి ఆపేయొచ్చు, ఆపకపోతే అవతలివాళ్లు డ్రాఫ్ట్ పిక్స్ (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) ఇచ్చుకోవాలి. అందుకే చాలామంది ఆ జోలికే పోరు. ఆగస్టులో సెయింట్ లూయిస్ వాళ్లు ఎడ్మంటన్ నుంచి బ్రోబర్గ్‌ని, హాలోవేని ఇలాగే పట్టుకుపోతే అందరూ నోరెళ్లబెట్టారు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే హెచ్‌వన్‌బీ. ఇంకో కంపెనీ వచ్చి పిటిషన్ వేస్తే కదలొచ్చు, వెయ్యకపోతే ఉన్నచోటే. డిసెంబర్ 1 లోపు సంతకం పడకపోతే ఈ సీజన్ మొత్తం పోయినట్టే. 2018లో టొరంటో నైలాండర్ ఆ గడువుకి నిమిషాల ముందు సంతకం పెట్టాడు. ఆటగాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం, రాకుండా ఉండటం. అది కూడా వాడకూడదంటే ఇంకేం మిగిలింది?

నెట్_వెనక_సీటు · 1 అక్టోబర్

హెచ్‌వన్‌బీ పోలిక బాగుంది కానీ మనకి బేరంలో 64 మిలియన్ రావు అన్నా 😂

బాల్కనీ_రావు · 2 అక్టోబర్

రాకుండా ఉండటం ఆయుధమట. మిగతా ఇరవై మంది చెమటలు కక్కుతుంటే ఇంట్లో కూర్చోవడం ఆయుధమట. మంగళవారం ఫ్లోరిడాలో మొదటి మ్యాచ్, నెట్‌లో ఎవరుంటారు? కోర్పిసాలో! ఆ కోర్పిసాలో ఎవరిని ఇచ్చుకుంటే వచ్చాడో ఎవరికైనా గుర్తుందా?

గోలీపిచ్చి · 2 అక్టోబర్

గుర్తుంది, అదే నా పాయింట్ కూడా. జూన్ 24న ఉల్మార్క్‌ని ఒటావాకి పంపేసి కోర్పిసాలో, కాస్టెలిక్, ఒక ఫస్ట్ రౌండ్ పిక్ తెచ్చుకున్నారు. స్వేమన్ సంతకం లేకుండానే! కొత్తింటి తాళం చేతికి రాకుండానే పాత ఇల్లు ఖాళీ చేశారు. ఆ తప్పు మేనేజర్ డాన్ స్వీనీది. స్వేమన్ చేసిందల్లా దాన్ని చూడటమే.

ఇంకొకటి కూడా. 2023 ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి జీతం తేల్చడం) మర్చిపోయారు. స్వేమన్ 4.8 మిలియన్లు అడిగితే క్లబ్ 2 చాలంది. 3.475 వచ్చింది, సరే. కానీ ఆ గదిలో జరిగేదేంటి? నీ క్లబ్ లాయర్ నీ ముందే కూర్చుని నువ్వు ఎందుకు పనికిరావో ఒక్కొక్కటీ చదువుతాడు. అలాంటిది తన స్నేహితులెవరికీ రాకూడదని అతనే అన్నాడు. దాని తర్వాత వచ్చి ఏం చేశాడు? 44 మ్యాచ్‌లు, .916 సేవ్ పర్సెంటేజ్ (వెయ్యి షాట్లలో 916 ఆపినట్టు). ప్లేఆఫ్స్‌లో .933, టొరంటోని ఏడో మ్యాచ్‌లో ఇంటికి పంపాడు. రెండు చాలన్న నోటితోనే ఇప్పుడు 64 అంటే ఎవడైనా కాయితం చూపించమంటాడు.

బాల్కనీ_రావు · 2 అక్టోబర్

నువ్వు ప్రతి దాన్నీ నీ హైక్ దగ్గరికే తీసుకెళ్తావేంటి తమ్ముడూ? నీకు ఆరు శాతం వచ్చిందని హాకీ క్లబ్బుల మీద పడి ఏడవడం ఏంటి?

గోలీపిచ్చి · 2 అక్టోబర్

మీరు క్లబ్ తరఫున ఇంతలా ఏడుస్తుంటే నాకూ అనుమానం వస్తోంది. వాళ్లు మీకేమైనా జీతం ఇస్తున్నారా? లేక మీరూ మా మేనేజర్ జాతేనా?

వెస్ట్‌బరో_వాసు · 2 అక్టోబర్

ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

బాల్కనీ_రావు · 2 అక్టోబర్

తాగాను. రాత్రి కోపంలో రాద్దామనుకున్నది రాయలేదు, పొద్దున రాస్తున్నాను.

అవును, మేనేజర్నే. పద్నాలుగు మంది టీమ్. ప్రతి సంవత్సరం ఒక అంకె పైనుంచి వస్తుంది, దాన్ని పద్నాలుగు ముక్కలు చెయ్యాలి. ఎక్సెల్ షీట్ తెరుచుకుని రాత్రి పదకొండు దాకా ఒకరి గడిలో అర తీసి ఇంకొకరి గడిలో పెడుతూ కూర్చుంటాను. గొడవ చేసినవాడికి ఇవ్వాలంటే ఎక్కడ తియ్యాలి? ఎప్పుడూ నోరు విప్పని ఒకాయన ఉన్నాడు మా టీమ్‌లో, ఆయన గడిలోంచే తీస్తాం. ప్రతిసారీ ఆయన గడే. నాకు సిగ్గుగా ఉంటుంది, అయినా తీస్తాను. నీకు ఇరవై అని చెప్పినవాణ్ణి నేను వెనకేసుకురావట్లేదు, కానీ వాడు నిజంగానే ఇరవై అనుకుని ఉండొచ్చు.

నా అసలు బాధ ఉల్మార్క్ గురించి. గెలిచిన ప్రతి మ్యాచ్ తర్వాత వాళ్లిద్దరూ హెల్మెట్లతో చేతులు చాచుకుని వచ్చి కౌగిలించుకునేవాళ్లు కదా, మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, కాళ్లకి సోఫా దిండ్లు చున్నీలతో కట్టుకుని ఎదురొచ్చేది, నేను స్వేమన్, తను ఉల్మార్క్. వెజినా ట్రోఫీ (ఏడాది ఉత్తమ గోలీకి ఇచ్చేది) గెలిచిన మనిషి, నోరెత్తకుండా ఒటావా వెళ్లిపోయాడు. ఎవరి కోసం చోటు ఖాళీ చేశాడో వాడు ఇంట్లో కూర్చుని ఇంకా కావాలంటున్నాడు. నాకు మా టీమ్‌లో ఆ నోరు విప్పని మనిషి కనిపించాడు, అంతే.

గోలీపిచ్చి · 2 అక్టోబర్

ఇది మొదటి పోస్ట్‌లోనే రాయాల్సింది రావు గారూ.

కానీ ఒప్పుకోను. నోరు విప్పనివాడి గడిలోంచి తీస్తున్నది ఎవరు? నోరు విప్పినవాడా, షీట్ తెరిచినవాడా? ఉల్మార్క్‌ని పంపింది స్వీనీ. స్వేమన్ తక్కువకి సంతకం పెట్టినా ఉల్మార్క్ వెళ్లేవాడే, ఇద్దరు పెద్ద గోలీలకి క్యాప్ సరిపోదని వాళ్లే నిర్ణయించుకున్నారు. మీకు కోపం రావాల్సింది షీట్ మీద, మీరేమో గడి మీద అరుస్తున్నారు.

కొత్తఫ్యాన్_స్వాతి · 2 అక్టోబర్

నేను హాకీ గురించి అడిగాను, నాకు అప్రైజల్ టెన్షన్ వచ్చేసింది.

నెట్_వెనక_సీటు · 6 అక్టోబర్

అయిపోయింది! 8 ఏళ్లు, 66 మిలియన్లు, ఏడాదికి 8.25.

ఉప్మా_గోల్ · 6 అక్టోబర్

ఆ రెండు మిలియన్లు నీలీ నోటి చిల్లర.

బాల్కనీ_రావు · 6 అక్టోబర్

చూశారా, 64 దగ్గరే ఉన్నారు. అంటే ఆ అంకె నిజమే.

గోలీపిచ్చి · 6 అక్టోబర్

చూశారా, రాకుండా ఉంటేనే 66 వచ్చింది. అంటే ముందు ఇవ్వలేదనే.

వెస్ట్‌బరో_వాసు · 9 అక్టోబర్

రావు గారికి ఒక వార్త. ఒటావాలో ఉల్మార్క్‌కి 4 ఏళ్లు, ఏడాదికి 8.25. పైసా తేడా లేదు.

బాల్కనీ_రావు · 9 అక్టోబర్

(నిన్న కోర్పిసాలో నెట్‌లో 6-4తో ఓడిపోయాం కాబట్టి మూడ్ బాలేదు, అయినా) సంతోషం. నోరు విప్పనివాడికీ వచ్చింది, ఇంకో ఇంట్లో.

నెట్_వెనక_సీటు · 20 ఏప్రిల్ 2025

పాత గొడవ తవ్వుతున్నందుకు తిట్టకండి. స్వేమన్ సీజన్: 22 గెలుపులు, .892. కోచ్ మాంట్‌గోమరీని నవంబర్‌లోనే తీసేశారు, కెప్టెన్ మార్షాండ్‌ని ఫ్లోరిడాకి ఇచ్చేశారు, ప్లేఆఫ్స్ లేవు. ఒటావా మాత్రం ప్లేఆఫ్స్‌లో ఉంది, ఉల్మార్క్‌తో. ఎవరైనా ఏమైనా అంటారా?

బాల్కనీ_రావు · 20 ఏప్రిల్

నేను అనను. అంటే తమ్ముడు బాధపడతాడు.

గోలీపిచ్చి · 20 ఏప్రిల్

అనండి పర్లేదు. క్యాంప్ మొత్తం పోయింది, అది సీజనంతా కనిపించింది, ఒప్పుకుంటాను. ఆ క్యాంప్ పోవడానికి కారణం జూన్‌లోనే లెక్క తేల్చకపోవడం, అది కూడా ఒప్పుకోండి. పాప ఇప్పుడు ఎవరు?

బాల్కనీ_రావు · 20 ఏప్రిల్

ఇంకా ఉల్మార్కే. ఒటావా జెర్సీ కావాలంటోంది, ఈ ఇంట్లో కుదరదన్నాను. పుట్టినరోజుకి చూద్దామని నోటిమాటగా అన్నాను.

గోలీపిచ్చి · 20 ఏప్రిల్

కాయితం మీద రాసి ఇచ్చారా?