సేవకుడు తన అక్కరను సంఘానికి చెప్పడం అవిశ్వాసమా?

పాలకొల్లు నుంచి ఒక సహోదరుడు:
అందరికీ ప్రభువు నామంలో వందనములు. జీతం లేకుండా సేవ చేసేవాడు తన ఇంటి అక్కరను దేవునికి తప్ప ఏ మనిషికీ చెప్పకూడదనీ, చెప్పిన నాడే అతని విశ్వాసం సడలినట్టనీ మా కూడికలో ఒక ప్రసంగీకుడు బోధించారు. బ్రిస్టల్‌లో అనాథలను పోషించిన జార్జి ముల్లర్‌నూ, 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి బయలుదేరి, ఏ సంస్థ జీతమూ లేకుండా మన నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసిన బౌడెన్, బీర్ దొరలనూ ఆయన ఉదాహరణగా చూపారు. మా సువార్తికుడి ఇంట్లో బియ్యం నిండుకున్న సంగతి ఆ తర్వాత మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. దీన్ని విశ్వాసమనే అనుకోవాలా?

నరసాపురం నుంచి ఒక సంఘపెద్ద:
అనుకోవాలి. మన డెల్టాలో సువార్త నాటినవారు మనుషుల ముందు చేయి చాచలేదు. మనం అడగకముందే మన అక్కర తండ్రికి తెలుసునని ప్రభువే కొండమీద చెప్పాడు. మనుషుల చేతివైపు చూసే సేవకుడు చివరికి మనుషులకు నచ్చేదే బోధిస్తాడు.

అమలాపురం నుంచి ఒక సహోదరి:
అన్నగారూ, మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే ఆ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి మౌనాన్నే నియమం చేయడం లేఖనానికి మించిన కట్టడ. ఏలీయాను కాకుల చేత పోషించిన దేవుడే, వాగు ఎండిపోయాక అతన్ని సారెపతులోని విధవరాలి దగ్గరికి పంపాడు. ఆమె దగ్గర మిగిలింది పట్టెడు పిండి, కొంచెం నూనె మాత్రమే అయినా ప్రవక్త నోరు తెరిచి రొట్టె అడిగాడు. సమరయ స్త్రీని దాహానికి నీళ్లడిగినవాడు మన ప్రభువే. పౌలు కొరింథీయుల దగ్గర ఏమీ పుచ్చుకోక డేరాలు కుట్టాడు, ఫిలిప్పీయులు పంపినది పుచ్చుకుని కృతజ్ఞత తెలిపాడు, యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసమైతే సంఘాలను బాహాటంగానే అడిగాడు. ఒకే మనిషి మూడు విధాలుగా నడిచినప్పుడు, వాటిలో ఒక్కదాన్నే విశ్వాసానికి కొలతగా ఎలా పెడతాం?

ముల్లర్ గురించి కూడా మనం సగమే చెప్పుకుంటున్నాం. ఆయన 1830లో నియమిత జీతాన్ని వదులుకున్నారు, ఎవరినీ డబ్బు అడగలేదు. కానీ వచ్చిన ప్రతి కానుకకూ లెక్క రాసి, కొరత పడిన రోజులను సైతం దాచకుండా నివేదికలు అచ్చువేయించారు. ఆయన బావమరిది గ్రోవ్స్ చిత్తూరులో సేవకుల పోషణ కోసం వ్యవసాయం కూడా చేయించారు. వారి నడతను నేను ఎంతో గౌరవిస్తాను. అది వారికి వచ్చిన పిలుపు; పాలకొల్లు సువార్తికుడి భార్య మెడకు దాన్ని చట్టంగా కట్టే అధికారం మనకు లేదు.

మన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకునేవారు. సార్వా, దాళ్వా కోతలప్పుడు కానుకలు బాగానే వస్తాయి. నాట్లు ముగిసి కోతలు రాని నెలల్లో, తుఫానుకు చేను పడిపోయిన ఏట, ఇచ్చేవారి ఇళ్లలోనే గింజలుండవు. అప్పుడు కూడా పూటకో పిడికెడు బియ్యం తీసి సేవకుడి కోసం కుండలో వేసే ఆడవాళ్లకు అతని ఇంటి స్థితి తెలియకుండా చేయడం వారి ప్రేమను నమ్మకపోవడమే అవుతుంది. పేతురు తన మొదటి పత్రికలో ఒకరి యెడల ఒకరు దీనమనస్సు ధరించుకోమని చెప్పి, ఆ వెంటనే దేవుని బలిష్ఠమైన చేతికింద తగ్గించుకుని చింత యావత్తూ ఆయనమీద వేయమన్నాడు. దేవుని ముందు మోకరించి, సహోదరుల ముందు మాత్రం ఏ కొరతా లేనివాడిలా నిలబడేవాడిలో ఆ దీనమనస్సు ఎంతవరకు ఉన్నట్టు?

నరసాపురం సంఘపెద్ద:
సహోదరీ, ఏలీయా దేవుడు ఆజ్ఞాపించాకే వెళ్లాడు. నేడు ఫోను తెరిస్తే, ఇంత పంపితే ఇంత దీవెన అనే బోధకులే కనిపిస్తున్నారు. వారికి తలుపు తెరవవద్దు.

అమలాపురం సహోదరి:
దీవెనకు వెల కట్టేవాడు అక్కర చెప్పుకోవడం లేదు, వ్యాపారం చేస్తున్నాడు. అలాంటివారిని సంఘం గద్దించాలి. యెరూషలేము పేదల కోసం కూర్చిన చందాను పౌలు ఒంటరిగా మోయలేదు. ఎవరూ తప్పుపట్టకుండా తీతుతో పాటు ఇతర సహోదరులను నియమించాడు. మనవాళ్లూ సభలో ప్రకటించనక్కరలేదు, ఇద్దరు ముగ్గురు పెద్దలకు చెబితే చాలు. పాలకొల్లు అన్నగారూ, మీ పెద్దలు నెలకోసారి ఆ ఇంటికి వెళ్లి, పొయ్యి సంగతి తామే అడగాలి. కోతలప్పుడు వచ్చిన బియ్యంలో కొంత ఆ కొరత నెలలకు విడిగా నిలవ చేయించండి.

నరసాపురం సంఘపెద్ద:
పెద్దలు వెళ్లి అడగడానికీ, బియ్యం నిలవ చేయడానికీ నాకు అభ్యంతరం లేదు. మా దగ్గర కూడా చేయిస్తాను. సేవకుడు తానుగా నోరు తెరవవచ్చుననే మాటకు మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను.