అప్‌డేట్: అమ్మ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎందుకు పెరిగిందో తేలింది

ఇంట్లో ఒకటే వంట, నాన్నకు మాత్రలతో కొలెస్ట్రాల్ అదుపులో ఉంటే అమ్మ ఎల్‌డీఎల్ 190 దాటిందేంటని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. థైరాయిడ్ చూపించమన్నవాళ్లకు థ్యాంక్స్. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష, ఇది ఎక్కువుంటే థైరాయిడ్ సరిగా పనిచేయట్లేదని) 18 వచ్చింది! థైరాయిడ్ హార్మోన్ తగ్గితే లివర్ రక్తంలోని ఎల్‌డీఎల్‌ను సరిగా తీసేయలేదట. ఈ సమస్య ఆడవాళ్లలోనే ఎక్కువ. పరగడుపున థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) మొదలయ్యాక ఎల్‌డీఎల్ 132కి దిగింది. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) గురించి టీఎస్‌హెచ్ నార్మల్ అయ్యాక చూద్దామన్నారు డాక్టర్, ముందే వేస్తే కండరాల నొప్పులు రావచ్చట.

అమ్మకు మెట్లెక్కితే ఆయాసం, దవడ లాగడం ఉన్నాయని కూడా డాక్టర్‌కు చెప్పాను. గ్యాస్ అని వదిలేయకూడదట, ఆడవాళ్లలో గుండె జబ్బు అలా కూడా బయటపడుతుంది. గుండె పరీక్షలు ఈసీజీ, ఎకో, టీఎంటీ (ట్రెడ్‌మిల్ టెస్ట్) బాగానే వచ్చాయి, టెన్షన్ తగ్గింది. నెయ్యి వల్లే పెరిగిందా అని ఆ పోస్టు కింద జరిగిన గొడవంతా మా కేసులో అనవసరం. అమ్మ హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 46 ఉంది, అది మాత్రం నాన్నకైతే ఫర్వాలేదు, అమ్మకు తక్కువే. ఆడవాళ్లకు కనీసం 50 ఉండాలట.