చలికాలం మసాలా పాకం: అన్నీ కలిపి మరిగించాలా, ముందు కషాయం తీయాలా?

సన్నసెగ:
టీలోకి, పాలలోకి, వేడి యాపిల్ రసంలోకి కలుపుకునే మసాలా పాకం ఇంట్లో చేసేవాళ్లవి రెండు దారులు. కొందరు చక్కెర, నీళ్లు, మసాలాలు అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగిస్తారు. ఇంకొందరు ముందు మసాలాలతో కషాయం తీసి, వడకట్టి, ఆ తర్వాత చక్కెర కరిగిస్తారు. నేను మొదటి పక్షం. చక్కెర 500 గ్రాములు, నీళ్లు 500 మి.లీ., దాల్చిన చెక్క 10 గ్రాములు, అల్లం 40 గ్రాములు, లవంగాలు 8, యాలకులు 10, అనాసపువ్వు 1. సన్నసెగ మీద 15 నిమిషాలు ఉంచి పొయ్యి కట్టేస్తే, రాత్రంతా మసాలాలు పాకంలోనే నానతాయి. పొద్దున వడకట్టి సీసాకు ఎత్తుకోవడమే. దీనికి రెండు విడతల పని ఎందుకో అవతలి పక్షం వాళ్లు చెప్పాలి.

లవంగమొగ్గ:
ఎందుకంటే పాకంలోకి సారం సరిగ్గా దిగదు కాబట్టి. నీళ్లు చెక్క లోపలికి వెళ్లి, సారాన్ని కరిగించుకుని మళ్లీ బయటికి రావాలి. చక్కెర కలిసి చిక్కబడే కొద్దీ ఆ రాకపోకలు మందగిస్తాయి. ఘాటు చాల్లేదని ఇంకో పది నిమిషాలు మరిగిస్తాం, నీళ్లు ఇగిరి పాకం ఇంకా చిక్కబడుతుంది, సారం దిగడం ఇంకా తగ్గుతుంది.

ఇంకో సంగతి, మూత. దాల్చినకు వాసన ఇచ్చే సిన్నమాల్డిహైడ్, లవంగంలోని యూజినాల్, యాలకుల్లోని సినియోల్ అన్నీ ఆవిరితో పాటు పోయేవే. వంటగది ఘుమఘుమలాడుతోందంటే ఆ మేరకు సీసాలో తగ్గినట్టే. మూత తీసి చేస్తే ఏ పద్ధతైనా నష్టమే.

మసాలాలన్నీ ఒకేసారి వేయడం కూడా నాకు సమ్మతం కాదు. 600 మి.లీ. నీళ్లలో ముక్కలు చేసిన దాల్చిన చెక్క, అనాసపువ్వు, చితక్కొట్టిన అల్లం వేసి, మూత పెట్టి 15 నిమిషాలు సన్నగా ఉడికించాలి. చివరి 5 నిమిషాల్లో లవంగాలు వేయాలి. పొయ్యి కట్టేశాక కచ్చాపచ్చాగా దంచిన యాలకులు వేసి, మూత తీయకుండా ఇంకో 15 నిమిషాలు వదిలేసి వడకట్టాలి. యాలకుల సువాసన అన్నిటికన్నా ముందు పోతుంది, వాటిని మరిగించకూడదు. లవంగం దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాత్రంతా ఉంచితే చేదెక్కి, నాలుక మొద్దుబారేలా చేస్తుంది.

సన్నసెగ:
మూత మాట ఒప్పుకుంటాను. కానీ సమానపాళ్ల పాకం మీరన్నంత చిక్కనిదేమీ కాదు. మరిగేది 102 డిగ్రీల దగ్గరే, నీళ్లకంటే రెండు డిగ్రీలు ఎక్కువ, అంతే. రాత్రంతా నానితే ఆ లోటూ తీరిపోతుంది. మీ పద్ధతిలో అసలు చిక్కు వేరే ఉంది. అరగంట తర్వాత 600 మి.లీ.లో ఎంత మిగిలిందో ఎవరికి తెలుసు? ఆవిరైంది కొంత, అల్లం, చెక్క పీల్చుకున్నది కొంత. అందులో చక్కెర కొలిచి వేస్తే ఒకసారి పలచగా, ఒకసారి చిక్కగా వస్తుంది.

కాటా:
ఆ చిక్కుకు మందు కాటానే. ఖాళీ గిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేసి, అందులోకే కషాయం వడకట్టండి. 500 గ్రాములు వచ్చిందనుకోండి, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 750 గ్రాముల చక్కెర. ఎంత ఇగిరినా మీ పాళ్లు మారవు. మళ్లీ పొయ్యి మీద పెట్టి, చక్కెర కరిగి ఒక్క పొంగు రాగానే దించేయడమే. లీటరుకు కాస్త తక్కువ పాకం వస్తుంది.

గ్లాసు లెక్క మాత్రం వద్దు. 200 మి.లీ. గ్లాసుడు నీళ్లు 200 గ్రాములు, అదే గ్లాసుడు చక్కెర సుమారు 170 గ్రాములే. సమానపాళ్లు అనుకుని చేసేది నిజానికి 46 శాతమే చక్కెర ఉన్న పాకం.

ఒకటిన్నర రెట్లే ఎందుకంటారా? సమానపాళ్లది త్వరగా పాడవుతుంది. రెండింతల చక్కెర వేస్తే ఫ్రిజ్‌లో అడుగున పలుకులు కడుతుంది. 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లు దాదాపు 200 గ్రాముల చక్కెర పడతాయి. సున్నాకు దగ్గరైతే అది 180కి దిగిపోతుంది. మిగిలింది పలుకై తేలాల్సిందే. 150 దగ్గర ఆ బెడద లేదు.

సన్నసెగ గారూ, మీ పద్ధతిలో ఇంకో నష్టం ఉంది. వడకట్టాక చెక్కకూ అల్లానికీ అంటుకుని పోయేది పాకం. కషాయం తీస్తే పోయేది నీళ్లే.

అల్లంటీ:
పలుకులు కట్టకుండా నిమ్మరసం పిండమంటారు కదా? అలా చేసిన పాకం పాలలో వేస్తే విరిగిపోతున్నాయి. బెల్లంతో చేసినా అంతే. తప్పు నిమ్మరసానిదా, అల్లానిదా?

లవంగమొగ్గ:
నిమ్మరసం చేసే పని నిజమే. వేడి మీద ఆ పులుపు చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది, అవి కలిసిన పాకం తేలిగ్గా పలుకు కట్టదు. అయితే పాలు విరిచేదీ ఆ పులుపే. పాలకు వాడే సీసాలో నిమ్మరసం, నిమ్మ ఉప్పు రెండూ వద్దు. కాటా గారి పాళ్లలో చేస్తే వాటి అవసరమే రాదు. యాపిల్ రసానికీ పాలు లేని టీకీ వేరే సీసా పెట్టుకుంటే అందులో నిరభ్యంతరంగా వేసుకోవచ్చు.

అల్లం విషయంలో భయం పచ్చిదానితోనే. పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, బాగా మరిగితే అది చచ్చిపోతుంది. ఘాటు కోసం చివర్లో పచ్చి అల్లం రసం పిండేవాళ్లకు పాలు విరిగేది అందుకే. బెల్లం పాకమైతే పాలు పొయ్యి మీంచి దించి, మరుగు తగ్గాక కలపండి. బెల్లం వేసి మళ్లీ కాచకూడదు.

గాజుసీసా:
మీరంతా గిన్నె దగ్గరే ఉన్నారు, పాకం చెడేది ఎక్కువగా సీసాలో. సీసాను నీళ్లలో 10 నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరనివ్వాలి. పాకం వేడిగా పోస్తే అంచు దాకా నింపి వెంటనే మూత బిగించండి. సగం సీసాకు వేడి పాకం పోసి మూత పెట్టడం పెద్ద పొరపాటు. ఆవిరి మూత కింద చెమటలా పట్టి చుక్కలు చుక్కలుగా పాకం మీద పడుతుంది. పైపొర పలచబడి బూజు అక్కడే మొదలవుతుంది. సగమే ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పి, చల్లారాక మూత పెట్టాలి. తడి చెంచా పెట్టవద్దు.

ఫ్రిజ్‌లో సమానపాళ్లది మూడు నాలుగు వారాలు, ఒకటిన్నర రెట్లది రెండు నెలల దాకా. బుడగలు లేచినా, పుల్లటి వాసన వచ్చినా, బూజు మచ్చ కనిపించినా మొత్తం పారబోయాలి. పైది తీసేసి కిందిది వాడకూడదు.

పొడులు వాడదామనుకునేవాళ్లకు ఒక మాట. దాల్చిన పొడి తడిసి జిగురు కడుతుంది. గుడ్డ మూసుకుపోయి పాకం దిగదు, దిగినా సాగుతుంది. చెక్కే వాడండి.

సన్నసెగ:
కాటా లెక్క, అంటుకుని పోయే పాకం సంగతి నాకు నచ్చాయి, కషాయం తీసే చక్కెర వేద్దాం. కానీ వడకట్టాక కూడా దాల్చిన చెక్క ఒక్కటి పాకంలో రాత్రంతా ఉంచాలనే అంటాను. లవంగంలా అది నాలుకను మొద్దుబార్చదు, రుచి నిండుగా వస్తుంది.

లవంగమొగ్గ:
ఉడికిన చెక్కలో ఇంకేం మిగిలి ఉంటుంది? ఉంచితే కొత్త ముక్క ఉంచండి, అదీ వగరు దిగకముందే తీసేయండి. తేలాలంటే ఒకే కషాయాన్ని రెండుగా పంచి, ఒకదాంట్లో చెక్క ఉంచి, ఒకదాంట్లో ఉంచకుండా చూడొచ్చు. రెండిటికీ పాళ్లు ఒకటే ఉండాలి. 150 మి.లీ. వేడినీళ్లకు 15 మి.లీ. పాకం కలపండి, అందులో 11-12 గ్రాముల చక్కెర ఉంటుంది. టీలో కలిపి మాత్రం చూడకండి, టీ వగరు కింద దాల్చిన వగరు కనపడదు.