ప్రీ-65 ట్రయల్స్ బండికి వేరే ఇంజిన్: ఏ తరగతిలో నిలపాలి?

నిదానగతి (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర బీఎస్ఏ బాంటమ్ డీ7 ఫ్రేము ఉంది, కానీ దాని అసలు ఇంజిన్ కేసు పగిలి, అతుకు వేయడానికి కూడా వీలు లేకుండా పోయింది. అందులో హోండా సీజీ125 ఇంజిన్ బిగించి పాతకాలపు ట్రయల్స్ పోటీలకు (రాళ్లు, ఎక్కుడుదిగుడుల మీద కాలు నేలకు ఆనించకుండా నెమ్మదిగా నడపాల్సిన పోటీలకు) సిద్ధం చేయాలని అనుకుంటున్నాను. సీజీ ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్ కాదు, వాల్వులను పొడవాటి కడ్డీలతో తెరిచే పుష్‌రాడ్ ఇంజిన్. నిర్మాణరీత్యా అది 1950ల నాటి ఆలోచనే. సామర్థ్యం 124 సీసీ మాత్రమే కనుక డీ7 అసలు ఇంజిన్ కంటే చిన్నది కూడా. ఇలాంటి బండిని ప్రీ-65 తరగతిలో, అంటే 1965కు ముందరి బళ్ల తరగతిలో, నడపనివ్వడం న్యాయమా, కాదా అన్నదే నా ప్రశ్న.

మూలరూపం

న్యాయం కాదని నా స్పష్టమైన అభిప్రాయం. 1965 అనే గీతను ఎవరో ఊరికే గీయలేదు. ట్రయల్స్ రైడరు శామీ మిల్లర్ 500 సీసీ ఏరియల్ హెచ్‌టీ5ను వదిలి బుల్టాకోకు మారి, 244 సీసీ షెర్పా టీ మీద 1965లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలవడంతో, బరువైన బ్రిటిష్ ఫోర్-స్ట్రోక్ సింగిళ్ల కాలం ముగియడం మొదలైంది. ఆ మార్పుకు ముందున్న యంత్రాలకు పోటీపడే చోటు మిగలాలనే ఈ తరగతి పుట్టింది. మీ ఇంజిన్ మార్కెట్లోకి వచ్చింది 1976లో, అంటే షెర్పా కంటే కూడా పదేళ్లకు పైగా కొత్తది. పుష్‌రాడ్ ఉన్నంత మాత్రాన అది పాతది అయిపోదు. సామర్థ్యం తక్కువ కదా అనే వాదన కూడా నిలవదు, ఎందుకంటే ట్రయల్స్‌లో సెక్షన్లను (దారిలో గుర్తుపెట్టిన కష్టమైన ముక్కలను) గెలిపించేది గరిష్ఠ శక్తి కాదు.

మిశ్రమం

మూలరూపం గారూ, ఆ కాలపు బళ్లు అన్నీ ఒకే కర్మాగారంలో ఒకే చేత్తో పుట్టినట్టు మాట్లాడుతున్నారు. గ్రీవ్స్, డాట్, కాటన్, ఫ్రాన్సిస్-బార్నెట్, జేమ్స్ సంస్థల ట్రయల్స్ బళ్లలో పనిచేసింది చాలావరకు విలియర్స్ వారి ఇంజినే. ఫ్రేము ఒకరిది, ఇంజిన్ ఇంకొకరిది. దాన్ని ఎవరూ కల్తీ అనలేదు. ఇక బాంటమ్ సంగతే తీసుకుంటే, దాని మూలం జర్మనీ వారి డీకేడబ్ల్యూ ఆర్‌టీ125. బీఎస్ఏ వారు ఆ రూపకల్పనను అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి, గేరు లీవరు కుడివైపుకు వచ్చేలా చేసుకున్నారు. 1966లో ట్రయంఫ్ వారు స్వయంగా తమ 199 సీసీ టైగర్ కబ్ ఇంజిన్‌ను బాంటమ్ ఫ్రేములో పెట్టి బాంటమ్ కబ్ పేరుతో అమ్మారు. బాంటమ్ ఫ్రేములో పరాయి ఫోర్-స్ట్రోక్ ఉండకూడదనే వాదనకు కర్మాగారమే ఏనాడో జవాబు చెప్పింది.

మూలరూపం

మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, దాని నుంచి మీరు తీసిన ముగింపుతోనే పేచీ. బాంటమ్ కబ్ 1966 నాటి బండి కావచ్చు గానీ, అందులోని కబ్ ఇంజిన్ 1950ల నాటిది. 1959లో రాయ్ పెప్లో కబ్ మీదనే స్కాటిష్ సిక్స్ డేస్ గెలిచారు. కాబట్టి బాంటమ్ ఫ్రేములో కబ్ ఇంజిన్ పెట్టినా, విలియర్స్ 9ఈ పెట్టినా నేను అడ్డు చెప్పను. ఒక కాలపు ఫ్రేములో అదే కాలపు ఇంజిన్ పెట్టడం వేరు, తర్వాతి తరం ఇంజిన్‌ను పాత ట్యాంకు కింద దాచడం వేరు. గ్రీవ్స్ వారు విలియర్స్ ఇంజిన్ కొన్నది 1976 నుంచి కాదు కదా.

గొలుసువరుస

తరగతి సంగతి తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఈ మార్పిడి సెక్షన్‌లో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. న్యాయాన్యాయాల విషయం కూడా అక్కడే కొంత తేలుతుందని నా ఉద్దేశం.

లెక్క వేసి చూడండి. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 30:1 అనుకుందాం. వెనుక టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. ఇంజిన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే బండి వేగం గంటకు 4 కిలోమీటర్లు, అంటే మనిషి నడక. ఫోర్-స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒక్క పేలుడు కనుక, ఒక పేలుడుకూ తర్వాతి పేలుడుకూ మధ్య బండి దాదాపు 13 సెంటీమీటర్లు కదులుతుంది. టూ-స్ట్రోక్‌లో అందులో సగం. ఆ మధ్యదూరాన్ని నెట్టేది ఫ్లైవీల్ ఒక్కటే. తడిసిన రాయి అంచుకు చక్రం ఆనిన క్షణంలో ఇంజిన్ ఆగిపోతుందా, ఇంకొక్క చుట్టు తిరుగుతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. ఫ్లైవీల్‌లో నిల్వ ఉండే శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 3000 చుట్ల దగ్గర ఉండే శక్తిలో తొమ్మిదో వంతే 1000 దగ్గర మిగులుతుంది. రోజూ రోడ్డు మీద తిరగడానికి తయారైన చిన్న ఇంజిన్‌కు ఈ పని తెలియదు. రోటర్ పక్కన బరువైన ఉక్కు ఉంగరం ఒకటి బిగించనిదే సీజీ ఇంజిన్ మీకు సహకరించదు. అప్పుడు కూడా 500 సీసీ ఏరియల్ మెల్లగా అడుగు వేసే తీరు దానికి రాదు.

ఇక అమరిక. ముందు స్ప్రాకెట్ స్వింగ్ఆర్మ్ ఇరుసుకు ఎంత దూరమైతే, వెనుక చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు చెయిన్ బిగువు అంతగా మారుతుంది. ఇంజిన్‌ను వీలైనంత వెనక్కి జరపాలి, కానీ మరీ జరిపితే ముందు చక్రం తేలికై ఎక్కుడులో లేచిపోతుంది. అట్టముక్కతో నమూనా ప్లేట్లు కోసి, చెయిన్ వేసి, స్ప్రింగులు తీసేసిన బండిని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడకుండా అల్యూమినియం ప్లేట్ల జోలికి పోవద్దు. చాలామంది మరచిపోయే సంగతి మరొకటి: బాంటమ్‌లో గేరు కుడికాలికి, సీజీలో ఎడమకాలికి. అంటే వెనుక బ్రేకు పెడల్ అటునుంచి ఇటు మారాలి, దాని రాడ్డో కేబులో ఫ్రేమును దాటి డ్రమ్ముకు చేరాలి. ఆ దాటింపులో వచ్చే సాగుడు దిగుడు సెక్షన్లలో వెంటనే తెలిసిపోతుంది.

ఇన్ని లోపాలు సరిదిద్దుకున్నాక మిగిలే లాభం ఏమిటంటే, నమ్మకంగా స్టార్టవడం, విడిభాగాలు దొరకడం. దాన్ని అన్యాయమైన లాభం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నిదానగతి

గొలుసువరుస గారికి ధన్యవాదాలు. బ్రేకు సంగతి నా ఆలోచనలోకే రాలేదు. మూలరూపం గారిని ఒక్కటి అడగాలి. నేడు ప్రీ-65 పేరుతో నడుస్తున్న కొన్ని టైగర్ కబ్‌లలో కొత్తగా తయారైన తేలికపాటి ఫ్రేము, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కొత్తరకం కార్బురేటర్, పాత గొట్టాల లోపల ఆధునిక ఫోర్కు భాగాలు కనిపిస్తున్నాయి. ఇంజిన్ కేసు మీద ట్రయంఫ్ అనే అక్షరాలు తప్ప 1959 నాటిది అందులో ఏముంది? నా ఫ్రేము అసలైనది, ఫోర్కు అసలైనది, హబ్బులు అసలైనవి. ఎవరి బండి పాతది?

మూలరూపం

ఆ కబ్‌లను నేనెప్పుడూ సమర్థించలేదు. అవి నిజంగానే ఈ తరగతికి చీడ. అయితే ఒక చోట నియమం సడలిందని మరో చోట కూడా సడలించమంటే, చివరికి ట్యాంకు మీది రంగు ఒక్కటే పాతకాలానిదిగా మిగులుతుంది.

పరిశీలకుడు

పోటీల్లో బళ్లను తనిఖీ చేసే పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. స్కాట్లాండ్‌లోని కిన్‌లాక్‌లెవెన్‌లో జరిగే స్కాటిష్ ప్రీ-65 ట్రయల్ ఏ భాగం చెల్లుతుందో, ఏది చెల్లదో కఠినంగా చూస్తుంది కనుకనే దానికి ఆ గౌరవం. అలాంటి చోటికి సీజీ ఇంజిన్‌తో వెళ్లాలని అనుకోవడం వృథా. అయితే ప్రతి స్థానిక పోటీ ఆ స్థాయిది కానక్కరలేదు.

తనిఖీ బల్ల దగ్గర నాకు ఉన్న సమయంలో ఇంజిన్ కేసును చూసి కాలాన్ని చెప్పగలను. ఫోర్కు గొట్టం లోపల ఏముందో చెప్పలేను. అందుకే నియమాలన్నీ కంటికి కనిపించే దాని మీదే బరువు మోపుతాయి, నిదానగతి గారి బండి లాంటివి ముందుగా దొరికిపోతాయి, తెలివిగా దాచినవి దాటిపోతాయి. ఇది సమన్యాయం కాదని ఒప్పుకుంటాను, కానీ దీనికి మందు సీజీని ప్రీ-65లోకి రానివ్వడం కాదు. కాలం దాటిన ఇంజిన్ ఉన్న పాత ఫ్రేములకు స్పెషల్స్ అనే తరగతి విడిగా పెట్టాలి. సెక్షన్లు అవే, దారి అదే, ఫలితాల పట్టిక మాత్రం వేరు. కొత్త ఫ్రేముల కబ్‌లను కూడా ఆ పట్టికలోకే పంపాలి. కాలు మోపితే 1, ఆగిపోతే 5 తప్పు పాయింట్లు అన్న లెక్కకు ఇంజిన్ పుట్టిన సంవత్సరంతో పని లేదు. నిదానగతి గారు బండి కట్టుకోవచ్చు, కానీ దరఖాస్తులో ఇంజిన్ పేరు ఉన్నదున్నట్టు రాయాలి.

మిశ్రమం

విడి తరగతికి నాకు అభ్యంతరం లేదు. అయితే అందులో బాంటమ్-కబ్ మేళవింపులను కూడా వేయకండి. 1965కు ముందరి రెండు బళ్లు కలిసినంత మాత్రాన ఆ బండి కాలం మారదు.

మూలరూపం

ఈ ఒక్క విషయంలో మిశ్రమం గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.